కథల జోలికి పోని పిల్లల్ని పెంచడం ఎలా?

అయిదేళ్ళ పిల్ల చేతికి ఒక కథల పుస్తకం ఇచ్చి చూడండి. నెల తిరక్కుండా "తర్వాతేమైంది?" అంటుంది. రెండో నెలకు "వాడట్లా ఎందుకు చేశాడు?" అంటుంది. ఆర్నెల్లు గడిచేసరికి నిన్న మీరు చెప్పిన మాటకూ ఇవాళ్టి మాటకూ పొంతన లేదని మీ మొహం మీదే అంటుంది. ఇల్లు ప్రశాంతంగా ఉండాలంటే కథను గుమ్మం బయటే ఆపాలి. దీనికి ఖర్చు లేదు, చదువక్కర్లేదు, శ్రమ అసలే లేదు. కాస్త ఒడుపు, బోలెడంత బద్ధకం ఉంటే చాలు.

మన పాల్వంచలో ఈ పనికి అన్నీ అమరి ఉన్నాయి. షిఫ్టు డ్యూటీలున్నాయి, స్కూలు వ్యాన్లున్నాయి, ట్యూషన్లున్నాయి, ప్రతి చేతిలో ఫోనుంది. మొక్కై వంగనిది మానై వంగదు కాబట్టి మూడేళ్ళ వయసులోనే మొదలుపెట్టండి. ఎనిమిదేళ్ళు వచ్చేదాకా గట్టిగా నిలబడండి. ఆ తర్వాత పుస్తకం కనబడితే పిల్లలే పక్కకు తప్పుకుంటారు. చిట్కాలు ఇవిగో.

1. 56 అక్షరాలూ వచ్చేదాకా కథ చూపించకండి

అ దగ్గర బయల్దేరి బండి ఱ దాకా నడిపించండి. ఌ, ౡ, ఙ లాంటివాటిని అస్సలు వదలొద్దు. పిల్లల కథల్లో అవి కనబడవు కాబట్టి వాటికే ఎక్కువ రోజులు ఇవ్వండి. తర్వాత క గుణింతం, ఆ తర్వాత మిగతా గుణింతాలు, ఆ తర్వాత ఒత్తులు. ఈ వరుసలో వెళ్తే రెండేళ్ళు హాయిగా గడిచిపోతాయి. చదవడమంటే పలక మీద దిద్దడమేనన్న నమ్మకం పిల్లలకు ఆలోపు కుదురుతుంది.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, జాగ్రత్తపడండి. అ, క, డ, ప, ల, వ అనే ఆరు అక్షరాలు వచ్చిన పిల్లవాడు అల, వల, కల, పలక, పడవ అనే మాటలు అప్పుడే చదవగలడు. వాటికి నాలుగు బొమ్మలు చేర్చి చిన్న కథ అల్లి ఇచ్చే టీచర్లు ఉన్నారు. "నేనే చదివాను" అన్న ధీమా ఆ వయసులో దొరికిందంటే ఇక పట్టపగ్గాలుండవు. అలాంటి పుస్తకం బడి నుంచి ఇంటికొస్తే, "ముందు గుణింతాలు కానీ" అని పైన పెట్టేయండి.

2. పుస్తకాలు కొనండి, బీరువాకు తాళం వేయండి

పుస్తకాలే లేని ఇంటిని నలుగురూ తప్పుపడతారు. అందుకని కొనండి. అద్దాల బీరువాలో ఎత్తు ప్రకారం పేర్చండి. తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి. పిల్లలు అడిగితే "చింపేస్తావు" అనండి. చిరిగిన పుస్తకం చదివిన పుస్తకమని, చిరగని పుస్తకం మర్యాద గల పుస్తకమని గుర్తుంచుకోండి.

తాతయ్య దాచిన చందమామ బైండింగులు ఉంటే మీ పని ఇంకా తేలిక. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన పత్రిక అది. కొడవటిగంటి కుటుంబరావు దాదాపు మూడు దశాబ్దాలు దానికి సంపాదకుడు. వడ్డాది పాపయ్య రంగుల అట్ట కనబడితే చదవడం రాని పిల్ల కూడా పక్కన చతికిలపడి పేజీలు తిప్పుతుంది, బొమ్మను బట్టి సొంతంగా కథ కట్టేస్తుంది. చదువుకు తొలి అడుగు అదే, కాబట్టి అక్కడే ఆపాలి. "అవి తాతయ్య ప్రాణం, ముట్టుకోకు" అన్న ఒక్క మాటతో పాతిక సంపుటాల నుంచి పిల్లను కాపాడవచ్చు.

3. బేతాళుడి ప్రశ్నకు మీరే జవాబు చెప్పండి

బేతాళ కథ ఎక్కడో ఒకచోట పిల్లల చెవిన పడుతుంది. కథంతా అయ్యాక బేతాళుడు రాజును ఒక ప్రశ్న అడుగుతాడు. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందంటాడు. అక్కడ ఆగితే పిల్లలు రాజు కంటే ముందు జవాబు వెతుకుతారు. ఎవరు గొప్పవాడు, ఎవరిది తప్పు, ఎందుకు అని తూకం వేయడం మొదలుపెడతారు. చదివినదాన్ని బుర్రలో తిప్పే అలవాటు అక్కడే పడుతుంది.

మీరు ఆగకండి. ప్రశ్న చదివిన ఊపులోనే జవాబు చదివేసి పేజీ తిప్పండి. పిల్ల నోరు తెరిచేలోపు "అంతే, అయిపోయింది" అనండి.

4. తప్పు దొర్లిన చోటల్లా ఆపండి

"కప్ప నీళ్ళలోకి దూకింది" అని పుస్తకంలో ఉంది. పిల్లవాడు "కప నీలలోకి దూకింది" అని చదివాడు. కప్ప దూకిందని వాడికి తెలిసిపోయింది, తర్వాత ఏమవుతుందోనన్న ఆత్రం మొహంలో కనబడుతోంది. సరిగ్గా అప్పుడే పట్టుకోవాలి. "కప కాదు, కప్ప. కింద ఒత్తు కనబడట్లేదా? నీల కాదు, నీళ్ళ. మళ్ళీ మొదట్నుంచి." ఇలా నాలుగుసార్లు చేస్తే కప్ప ఏమైందో వాడికి అక్కర్లేకుండా పోతుంది. అయిదోసారికి వాడు పేజీని చూడటం మానేసి మీ మొహం చూస్తూ చదువుతాడు. ఇది విజయానికి మొదటి గుర్తు.

వాక్యం పూర్తయ్యాక మెల్లిగా సరిచేయడం, వాడే గమనించి దిద్దుకోవడానికి కాస్త గడువివ్వడం అనే పద్ధతులు కొందరు పాటిస్తారు. వాటికి ఓపిక కావాలి. ఓపిక మనకెందుకు?

5. ఏడు చేపల కథను ఒక్క వాక్యంలో ముగించండి

పుస్తకం లేకుండానే చదువు నేర్పే కథ ఇది, అందుకే దీని మీద ప్రత్యేకంగా కన్నేయండి. రాజుగారి ఏడుగురు కొడుకులు ఏడు చేపలు తెచ్చి ఎండబెడతారు. ఒకటి ఎండదు. ఎందుకని చేపను అడిగితే గడ్డిమేటు మీద, గడ్డిమేటును అడిగితే ఆవు మీద, ఆవును అడిగితే పశువులు కాసేవాడి మీద నెపం పోతుంది. అలా తిరిగి తిరిగి చివరికి చీమ దగ్గర తేలుతుంది.

అదే మాట, అదే ప్రశ్న పదే పదే వస్తుంటే పిల్లలు మూడో మలుపు దగ్గరే మీకంటే ముందు అందుకుంటారు. తర్వాత ఏ మాట వస్తుందో ఊహించడం, ఒక పనికి వెనక ఇంకో కారణం ఉంటుందని పట్టుకోవడం నేర్చేసుకుంటారు. అదే కథ అచ్చులో కనబడితే రాని అక్షరాలను కూడా ఊహతో దాటేస్తారు. అందుకని కుదించండి. "ఏడు చేపల్లో ఒకటి చీమ వల్ల ఎండలేదు, పడుకో." అడిగిన కథ చెప్పినట్టూ ఉంటుంది, చెప్పనట్టూ ఉంటుంది. "మళ్ళీ చెప్పు" అంటే "నిన్న చెప్పిందేగా" అనండి. ఒకే కథను పదిసార్లు విన్న పిల్లలకు మాటలు బాగా నిలుస్తాయి, ఆ అవకాశం ఇవ్వకండి.

6. రాత్రి కథకు సాకులు సిద్ధంగా ఉంచుకోండి

ఇక్కడి థర్మల్ విద్యుత్ కేంద్రం కేటీపీఎస్‌లో 1966లో మొదటి యూనిట్ నడిచినప్పటి నుంచి ఈ ఊరికి షిఫ్టులు అలవాటు. పొద్దుటి షిఫ్టయితే "తెల్లారే లేవాలి" అనండి. మధ్యాహ్నం షిఫ్టయితే మీరొచ్చేసరికి పిల్లలు ఎలాగూ పడుకుంటారు. నైట్ షిఫ్టయితే సాకే అక్కర్లేదు. వారం సెలవు రోజున "వారమంతా నిద్ర లేదు" అనండి. కరెంటు పోయిందన్న సాకు మాత్రం వాడకండి. కరెంటు పుట్టే ఊళ్ళో అది ఒకటి రెండుసార్ల కంటే చెల్లదు, పైగా చీకట్లో పిల్లలు కథ ఇంకా గట్టిగా అడుగుతారు.

షిఫ్టులు లేనివాళ్ళకు షాపు ఉంది, మండలాఫీసు ఉంది, నడుంనొప్పి ఉంది. ఏదీ కుదరకపోతే ఫోనివ్వండి. ఫోనులో బొమ్మ తనే కదులుతుంది, తనే మాట్లాడుతుంది, పిల్లలు ఊహించాల్సిందేమీ మిగలదు. రాత్రి పది నిమిషాలు ఒళ్ళో కూర్చోబెట్టుకుని వేలితో అక్షరాలు చూపిస్తూ చదివితే చాలని చెప్పేవాళ్ళ మాట వినకండి. పది నిమిషాలు మీవి.

7. నానమ్మ నోటికి, ఇంటి భాషకు తాళం వేయండి

ఇంట్లో కథల గని నానమ్మో అమ్మమ్మో అయి ఉంటుంది. పేదరాశి పెద్దమ్మ, మర్యాద రామన్న, పరమానందయ్య శిష్యులు అంతా ఆవిడ కొంగు చాటునే ఉంటారు. ఆవిడకు రాత్రి ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా టీవీ సీరియళ్ళు పెట్టండి. పిల్లలు ఆవిడ పక్కలో చేరితే "హోంవర్కు ఉందిరా" అని పిలవండి.

ములకలపల్లి, గుండాల వైపు గూడేల నుంచి వచ్చినవాళ్ళయితే ఇంకో మెట్టు ఎక్కండి. ఇంట్లో కోయలోనో లంబాడీలోనో చెప్పే కథలను బడి గుమ్మం దగ్గరే వదిలేయించండి. తెలిసిన కథను తెలిసిన భాషలో విన్న పిల్ల, ఆ కథనే తెలుగులో చూస్తే అర్థం చేసుకోవడానికి తడుముకోదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో ఈ కారణంతోనే కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతులకు వాచకాలు తయారుచేశారు. పిల్ల ఇంటి మాట మాట్లాడినప్పుడు నవ్వండి, చాలు. వారంలో కథా పోతుంది, నోరూ పడిపోతుంది.

8. పన్ను కట్టండి, గ్రంథాలయం గడప తొక్కకండి

ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వెళ్తుంది. 1960 నాటి చట్టం నుంచి ఉన్న ఏర్పాటు అది. డబ్బు కట్టేశాం కాబట్టి బాధ్యత తీరిపోయింది. వెళ్ళడం, పిల్లల విభాగంలో కూర్చోవడం, పుస్తకం మార్చుకోవడం అదనపు చాకిరీ.

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. బాలల దినోత్సవం రోజు మాత్రం పిల్లలకు ఇస్త్రీ బట్టలు వేసి తీసుకెళ్ళండి. తెరిచిన పుస్తకం చేతిలో పెట్టి ఫోటో తీయండి. పుస్తకం తిరిగిచ్చేసి రండి. పిల్ల "ఇది ఇంటికి తీసుకెళ్దామా?" అంటే "మెంబర్షిప్పు కావాలి, అది పెద్ద తతంగం" అనండి. ఫోటో ఏడాదంతా పనికొస్తుంది.

9. ఊరి కథలోంచి కథను తీసేయండి

మన ఊరికి ఒక పెద్ద చిక్కుంది. రామదాసుగా పేరుపడ్డ కంచర్ల గోపన్న ఈ పాల్వంచ పరగణాకే తహసీల్దారు. వసూలైన శిస్తుతో భద్రాచలంలో రాముడికి గుడి కట్టించాడు. గోల్కొండ తానీషా కొలువు వాళ్ళు చెరసాలలో వేశారు. పన్నెండేళ్ళ తర్వాత ఇద్దరు కుర్రాళ్ళు రామోజీ, లక్ష్మోజీ అని పేర్లు చెప్పుకుని అర్ధరాత్రి నవాబును లేపి ఆరు లక్షల మొహరీలు కట్టి రశీదు పుచ్చుకున్నారని జనం చెప్పుకునే కథ. ఇది పూర్తిగా విన్న పిల్లవాడు ఊరుకోడు. సర్కారు సొమ్ముతో గుడి కట్టడం తప్పా ఒప్పా అంటాడు. పన్నెండేళ్ళు దేవుడు ఎందుకు రాలేదంటాడు. ఆ ఇద్దరూ ఎవరో నవాబుకు తెలిసిందా అంటాడు. ఇన్ని ప్రశ్నలకు జవాబు చెబుతూ కూర్చుంటే అన్నం చల్లారిపోతుంది.

జీకే బిట్లుగా మార్చి ఇవ్వండి. రామదాసు అసలు పేరు: కంచర్ల గోపన్న. ఉద్యోగం: తహసీల్దారు. జైలు: 12 ఏళ్ళు. మొహరీలు: 6 లక్షలు. పిల్లవాడు గడగడా అప్పజెబుతాడు, చుట్టాలు చప్పట్లు కొడతారు, ప్రశ్న ఒక్కటీ మిగలదు.

10. కళ్ళ ముందున్న కథకు అడ్డం పడండి

ఆదివారం కిన్నెరసాని వెళ్తారు. గట్టు మీద కోతులు, నీళ్ళలో మొసళ్ళు. పంచతంత్రంలో కోతి గుండె కోరిన మొసలి కథ నోటిదాకా వస్తుంది, మింగేయండి. ఆ నీళ్ళు చూస్తూ ఆ కథ విన్న పిల్ల ఇంటికొచ్చి పుస్తకంలో మొసలి బొమ్మ వెతుక్కుంటుంది, కింద ఉన్న మాట కూడబలుక్కుంటుంది. జింకల పార్కు దగ్గర ఫోటో దిగి, మిరపకాయ బజ్జీలు తినిపించి తీసుకొచ్చేయండి.

2024 ఆగస్టులో కేటీపీఎస్ పాత ప్లాంటు కూలింగ్ టవర్లు ఎనిమిదింటిని కూల్చారు. పుట్టినప్పటి నుంచి చూసిన టవర్లు క్షణాల్లో దుమ్మయితే పిల్లలు ఊరుకోరు, "అందులో రాక్షసుడుండేవాడా? ఇప్పుడెక్కడికి పోయాడు?" అంటారు. కథ పుట్టేది అక్కడే. "ఉన్నాడేమో, ఎక్కడికి పోయుంటాడో నువ్వే చెప్పు" అన్నారా, పిల్ల కాగితం పెన్సిలు తెచ్చుకుంటుంది. "పాతబడ్డాయి, పడగొట్టారు" అనండి. వీడియో మళ్ళీ పెట్టి చూపించండి.

11. చదివిన ప్రతి కథకూ పరీక్ష పెట్టండి

ఇంత కాపలా కాసినా పిల్ల ఒక కథ చదివేసిందనుకుందాం. బెంగపడకండి. వెంటనే పది ప్రశ్నలు అడగండి. రాజు పేరేమిటి, ఎన్ని గుర్రాలు, ఏ ఊరు. "నీకు ఎవరు నచ్చారు?" అని మాత్రం అడగొద్దు. దానికి పుస్తకంలో జవాబుండదు, పిల్ల సొంతంగా ఆలోచించాల్సి వస్తుంది. తర్వాత కథ నీతిని అయిదుసార్లు రాయించండి. భద్రాచలం దారిలో సారపాకలో కాగితం మిల్లే ఉంది, మనకు కాగితానికి కరువు లేదు. కథ చదివితే చేతులు నొప్పి పుడతాయని పిల్లలకు ఒకసారి తెలిస్తే రెండోసారి మీరు చెప్పక్కర్లేదు.

ప్రశ్నకు జవాబు వెతికే కిటుకు కూడా నేర్పండి. ప్రశ్నలో ఉన్న మాట పాఠంలో ఎక్కడుందో చూడు, దాని ముందు వాక్యం, వెనక వాక్యం ఎత్తి రాసేయ్. చదవకుండానే మార్కులొస్తాయి.

12. మీరు పుస్తకం పట్టుకుని కనబడకండి

పిల్లలు చెప్పింది చేయరు, చూసింది చేస్తారు. పేపరు కూడా వాళ్ళు బడికెళ్ళాకే చూడండి. మీరు ఏదైనా నవల చదువుతూ నవ్వడం వాళ్ళ కంటపడితే, ఆ నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకోవాలని మీ భుజం మీదుగా తొంగిచూస్తారు. ఇన్నాళ్ళ శ్రమా గంగలో కలుస్తుంది.

13. బడి చేసే ప్రయత్నాలకు కంగారుపడకండి

2022 ఫిబ్రవరిలో రాష్ట్రంలో వంద రోజుల పఠన కార్యక్రమం పెట్టారు. అదే ఏడాది ఆగస్టు 15న ప్రాథమిక తరగతులకు 'తొలిమెట్టు' వచ్చింది. టీచర్లు కథల పుస్తకాలు తాడుకు వేలాడదీసి పిల్లల చేతికి అందేలా పెడతారు. మీరు చేయాల్సింది ఒక్కటే: ఆ పుస్తకం ఇంటికొచ్చిన రోజు సంచి విప్పకండి. ఇంట్లో ఎవరూ పక్కన కూర్చోకపోతే బడి ఒంటిచేత్తో ఎంతని లాగుతుంది?

గెలుపు మనవైపే ఉంది. అసర్ సర్వే వాళ్ళు పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి ఒక కాగితం ఇచ్చి చదివిస్తారు. అక్షరాలు, మాటలు, ఒక పేరా, చివర రెండో తరగతి స్థాయిలో ఒక చిన్న కథ. తెలంగాణలో మూడో తరగతి పిల్లల్లో ఆ కథ చదవగలిగినవాళ్ళు 2018లో 18.1 శాతం. నడుమ కరోనాకు బళ్ళు మూతబడ్డాయి. 2022లో 5.2 శాతం. అంత తక్కువమందే మిగిలారంటే మీ పిల్లవాడు వాళ్ళలో చేరకుండా చూడటం ఎంత పని?

ఫలితం ఇలా ఉంటుంది

పదేళ్ళ వయసుకు మీ పిల్లవాడు ఏ పేజీ ఇచ్చినా గొంతెత్తి చదువుతాడు. ఏం చదివావంటే నేల చూస్తాడు. కూడికలు వస్తాయి, భాగహారాలు వస్తాయి, లెక్క మాటల్లో ఇస్తే ఏమడిగారో తెలియదు. సైన్సు పాఠం బట్టీ పడతాడు, ప్రశ్న కాస్త తిప్పి అడిగితే ఆగిపోతాడు. ఎదుటివాడి మనసులో ఏముందో ఊహించే తిప్పలు ఉండవు, ఎందుకంటే ఇంకొకరి కళ్ళతో లోకాన్ని చూడటం కథలే నేర్పుతాయి, మనం వాటిని రానివ్వలేదు. పెద్దయ్యాక అప్పు కాగితమైనా, పొలం కాగితమైనా, కంపెనీ కాగితమైనా చదవకుండా చూపించిన చోట సంతకం పెడతాడు. ఎవరినీ ఎదురు ప్రశ్న అడగడు. తల్లిదండ్రులకు ఇంతకన్నా నిశ్చింత ఏముంటుంది?

చివరగా ఒక్క మాట. పిల్లలకు చదవడం మీద ఆశ తొందరగా చావదు. ఎనిమిదేళ్ళు వచ్చేదాకా కాపలా కాసిన ఇంట్లో కూడా ఒక్క వారం ఎవరైనా రోజూ ఒక కథ చదివి వినిపించారంటే మళ్ళీ చిగురిస్తుంది. కాబట్టి ఏమరుపాటు వద్దు. ఈ రాత్రి మీ పిల్ల పుస్తకం పట్టుకుని మీ మంచం దగ్గరకు వస్తే అటు తిరిగి పడుకోండి.